అరవై శాతం వాలు ఎక్కే బండి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. సైనిక ట్రక్కు ఎంత వాలు ఎక్కగలదని బరంపురం పాఠకుడొకరు అడిగారు. ఒడిశాలో కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి, గజపతి జిల్లాల్లోని మన తెలుగువాళ్లు లోడు లారీల గురించీ, ఘాట్ రోడ్ల గురించీ, బ్రేకుల గురించీ రాశారు. ఒక దాని జవాబు తెలిస్తే గాని మరొకటి అర్థం కాదు కనుక వాటన్నిటినీ ఒక్కచోట చేర్చాను.

ప్రశ్న: మా ఇల్లు బరంపురం నుంచి గోపాలపూర్ వెళ్లే రోడ్డు పక్కనే ఉంది. సైనిక వాయు రక్షణ కళాశాలకు వెళ్లే పెద్ద ట్రక్కులు మాకు తరచుగా కనిపిస్తాయి. సైన్యంలో డ్రైవరుగా పనిచేసి వచ్చిన మా బావగారు ఆ బండ్లు అరవై వాలు ఎక్కుతాయని చెబుతారు. మా మేడమెట్లు కూడా అంత నిటారుగా లేవు. అంత బరువైన బండి అలా ఎక్కడం సాధ్యమేనా?
(ఒక పాఠకుడు, బరంపురం)

జవాబు: మీ బావగారు చెప్పిన అంకె సరైనదే. కాకపోతే అది 60 డిగ్రీలు కాదు, 60 శాతం. అడ్డంగా 100 మీటర్లు సాగేలోపు నేల 60 మీటర్లు పైకి లేస్తే దాన్ని 60 శాతం వాలు అంటారు. కోణంగా లెక్కిస్తే అది 31 డిగ్రీలు. 100 శాతం అన్నా నిట్టనిలువు గోడ కాదు, 45 డిగ్రీలే. మీరు మేడమెట్ల మాట ఎత్తారు కనుక టేపు తీసుకుని ఒకసారి కొలిచి చూడండి. ఒక్కో మెట్టు ఎత్తు 6 అంగుళాలు, కాలు మోపే వెడల్పు 10 అంగుళాలు ఉంటే ఆ మెట్ల వరుస వాలు సరిగ్గా 60 శాతం. ఆ మెట్ల మీద పై నుంచి కింది దాకా ఒక బల్ల పరిస్తే ఎంత ఏటవాలుగా ఉంటుందో, అంత ఏటవాలు మీద 15 నుంచి 20 టన్నుల బండి నిండు లోడుతో ఎక్కాలి, మధ్యలో ఆగాలి, ఇంజను కట్టేసినా జారకుండా నిలవాలి, తిరిగి బయలుదేరి పైకి చేరాలి.

చాలా దేశాల సైన్యాలు తమ బరువైన ట్రక్కులకు ఈ 60 శాతాన్నే కొలబద్దగా పెట్టుకున్నాయి. అమెరికా సైన్యం 1980ల నుంచి వాడుతున్న ఎనిమిది చక్రాల ఓష్‌కోష్ హెమ్‌ట్ ట్రక్కుకు నిర్దేశించిన ఎక్కుడు 60 శాతం, పక్కవాలు (బండి పక్కకు ఒరిగినా బోల్తా పడకుండా పోగల వాలు) 30 శాతం. ఇది ఎంత పెద్ద సంఖ్యో తెలియాలంటే మనకు తెలిసిన దారులతో పోల్చుకోవాలి. కోరాపుట్ జిల్లా మీదుగా వెళ్లే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో వాలు 60 అడుగులకు 1 అడుగు, అంటే 2 శాతం కూడా లేదు. దానికే ఇనుప ఖనిజం బండ్లకు ఒకటికి మించి ఇంజన్లు తగిలించవలసి వస్తుంది. కొండ ప్రాంతపు రోడ్లకు, రోడ్ల ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సాధారణంగా 5 శాతం వాలు చాలునంటుంది, తప్పనిసరైన కొద్దిపాటి దూరాలకు 7 శాతం దాకా ఒప్పుకుంటుంది. ప్రపంచంలో అతి ఏటవాలు వీధిగా పేరుపడిన న్యూజిలాండ్‌లోని బాల్డ్‌విన్ స్ట్రీట్ వాలు కూడా 35 శాతమే.

ఇక ఎలా సాధ్యమన్న ప్రశ్న. 20 టన్నుల బండిని 60 శాతం వాలు మీద నిలబెడితే దాన్ని వెనక్కి లాగే బలం ఆ బరువులో సగానికి కొంచెం ఎక్కువ, అంటే సుమారు 10.3 టన్నులు ఉంటుంది. నేల మీద టైరు దొర్లడానికే మరో అర టన్ను ఖర్చవుతుంది. మొత్తం మీద చక్రాలు దాదాపు 11 టన్నుల లాగుడు ఇవ్వాలి. ఇంజను ఒక్కటే ఇంత బలం ఇవ్వలేదు, గేర్లు దాన్ని పెంచాలి. ఉదాహరణకు ఇంజను తిప్పుడు బలం 800 న్యూటన్ మీటర్లు అనుకుందాం. ఫస్టు గేరు దాన్ని 9 రెట్లు చేస్తుంది. ట్రాన్స్‌ఫర్ కేసులోని (గేరుబాక్సు నుంచి వచ్చే బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టెలోని) లో గేరు మరో 2 రెట్లు, ఇరుసులోని క్రౌన్ పినియన్ మరో 6.5 రెట్లు పెంచుతాయి. పళ్లచక్రాల రాపిడిలో ఐదో వంతు పోయినా, 60 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న టైరు దగ్గరికి వచ్చేసరికి 12 టన్నులు దాటిన లాగుడు చేతికి వస్తుంది. మామూలు లారీలో ఆ ట్రాన్స్‌ఫర్ కేసు లో గేరే ఉండదు, అందుకే అది ఈ లెక్కలో మొదటి మెట్టు దగ్గరే వెనకబడుతుంది.

బలం ఎంత పెరిగితే వేగం అంత తగ్గక తప్పదు. 300 హార్స్‌పవర్ ఇంజనుతో ఆ 20 టన్నుల బండి 60 శాతం వాలు మీద గంటకు 6 కిలోమీటర్లకు మించి పోలేదు. అది మనిషి చురుగ్గా నడిచే వేగం. అదే బండి 7 శాతం ఘాట్ రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్లు పట్టుకోగలదు. కనుక ఏటవాలు ఎక్కడానికి పెద్ద ఇంజను కన్నా లోతైన గేర్లు ముఖ్యం.

బలం ఉన్నంత మాత్రాన పని పూర్తి కాదు. 31 డిగ్రీలు వెనక్కి వంగినప్పుడు ఇంజను అడుగున ఉన్న ఆయిలంతా సంపులో వెనక మూలకు చేరుతుంది. ఆయిల్ పంపు గొట్టం ముందు మూలలో ఉంటే అది గాలి పీలుస్తుంది, బేరింగులు ఎండిపోతాయి. డీజిల్ ట్యాంకులోనూ ఇదే చిక్కు. అందుచేత సైనిక ట్రక్కుల సంపు ఆకారం, పంపు గొట్టం చోటు ఆ వంపును దృష్టిలో పెట్టుకుని చేస్తారు. నెమ్మదిగా పోతూ పూర్తి శక్తి వాడే ఇంజనుకు ఎదురుగాలి తగలదు కనుక రేడియేటరు ఫ్యాను ఒక్కటే దాన్ని చల్లబరచాలి. వాలు మొదలయ్యే చోట ముందు బంపరు నేలకు తగలకూడదు, పైకి చేరాక శిఖరం అంచున బండి కడుపు ఆనకూడదు. ఇవన్నీ కలిస్తేనే 60 అన్న అంకెకు అర్థం ఉంటుంది. ఒక బండి కొత్తగా వచ్చినప్పుడు వాటిని విడివిడిగా పరీక్షించి చూస్తారు. మన దేశంలో రక్షణ పరిశోధన సంస్థకు చెందిన వాహన ప్రయోగశాల మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్‌లో (ఇప్పటి పేరు అహిల్యానగర్) ఉంది.

మన సైన్యంలో మీ బావగారి తరం వాళ్లు ఎక్కువగా నడిపింది శక్తిమాన్ ట్రక్కు. జర్మనీకి చెందిన మాన్ సంస్థ లైసెన్సుతో 1959 నుంచి దాన్ని జబల్‌పూర్‌లో తయారు చేశారు. ఆ తరువాత ఆ స్థానాన్ని అశోక్ లేలాండ్ స్టాలియన్ అందుకుంది. రోడ్డు మీద 7.5 టన్నులు, రోడ్డు లేని చోట 5 టన్నులు మోసేలా దానికి లోడు నిర్ణయించారు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. అదే బండి, అదే ఇంజను, కాళ్ల కింద నేల మారితే మోయవలసిన బరువులో మూడో వంతు తగ్గించారు. ఎక్కుడు విషయంలో కూడా ఇదే సూత్రం నడుస్తుంది. అది తరువాతి ప్రశ్నలో వస్తుంది.

ప్రశ్న: నాకు పది టైర్ల లారీ ఉంది. ఇంజను బలంలో సైనిక ట్రక్కులకు తీసిపోదు. కానీ వానాకాలంలో లోపలి ఊళ్ల ఎర్రమట్టి దారిలో కాస్త ఎత్తు వస్తే చాలు, వెనక టైర్లు ఉన్నచోటే తిరుగుతాయి. అదే దారిలో సైనిక సిబ్బందిని తీసుకుపోయే పెద్ద బండి మా పక్క నుంచే ఎక్కిపోయింది. ఇంకా బలమైన ఇంజను ఉన్న లారీ కొంటే ఈ ఇబ్బంది తీరుతుందా?
(లారీ యజమాని, జయపురం)

జవాబు: తీరదు. దయచేసి అందుకోసం అప్పు చేయకండి. టైరు ఉన్నచోటే తిరుగుతున్నదంటే ఇంజను తన పని తాను చేస్తున్నదనే అర్థం. లోపం టైరుకూ నేలకూ మధ్య ఉన్న పట్టులో ఉంది.

ఆ పట్టును ఘర్షణ గుణకం అనే అంకెతో కొలుస్తారు. ఎండిన కాంక్రీటు మీద లారీ టైరుకు అది 0.7 నుంచి 0.8 దాకా ఉంటుంది. తడిసిన తారు రోడ్డు మీద సుమారు 0.5, తడిసిన బంకమన్ను మీద 0.2, 0.3కు పడిపోతుంది. చక్రం ఎంత బరువును నేలకు అదుముతున్నదో దాన్ని ఈ అంకెతో హెచ్చిస్తే ఆ చక్రం ఇవ్వగల గరిష్ఠ లాగుడు వస్తుంది. ఇంజను అంతకన్నా ఎక్కువ ఇస్తే అది జారుడుకే పోతుంది.

ఇప్పుడు మీ లారీ లెక్క చూద్దాం. 2018లో లారీల బరువు నిబంధనలు సవరించిన తరువాత మూడు ఇరుసుల లారీకి అనుమతించిన మొత్తం బరువు 28.5 టన్నులు. లెక్క సులువు కోసం 28 అనుకుందాం. పది టైర్ల సరకు లారీల్లో సాధారణంగా ఇంజను తిప్పేది ఒక్క ఇరుసునే, మిగిలిన రెండూ బరువు మోయడానికి. తిరిగే ఇరుసు మీద పడే బరువు సుమారు 10 టన్నులు. ఎండిన తారు మీద ఆ 10 టన్నులు 7 టన్నుల లాగుడు ఇస్తాయి. టైర్లు దొర్లడానికి పోగా మిగిలినది 24 శాతం వాలుకు సరిపోతుంది. తడి బంకమట్టి మీద పట్టు 0.25 అనుకుంటే లాగుడు రెండున్నర టన్నులే. బురదలో కూరుకుంటూ దొర్లడానికి 28 టన్నుల బండి మీద దాదాపు 1.4 టన్నులు ఖర్చవుతుంది. మిగిలిన ఒక టన్ను పైచిలుకుతో ఎక్కగలిగేది 4 శాతం మాత్రమే. మీరు చూసిన కాస్త ఎత్తు అదే.

అన్ని చక్రాలూ తిరిగే బండికి తన బరువు మొత్తం పట్టుకు పనికొస్తుంది. అలాంటి బండి విషయంలో లెక్క చాలా తేలిక. ఘర్షణ గుణకం ఎంతో, దొర్లుడు ఖర్చు పోగా, అంత వాలు ఎక్కుతుంది. బరువు లెక్కలోంచి ఎగిరిపోతుంది. అంటే పట్టు వరకే చూస్తే ఖాళీ బండీ, లోడు బండీ ఒకటే. అందువల్ల 60 శాతం ఎక్కాలంటే నేల పట్టు 0.6 పైన ఉండి తీరాలి. ఆ పట్టు ఇచ్చేది ఎండిన కాంక్రీటు, గట్టిపడిన పొడినేల, గరుకు రాయి. మీ ఎర్రమట్టి బురదలో ఆ సైనిక బండి కూడా 20 శాతం దగ్గర ఆగిపోతుంది. మీకన్నా అయిదు రెట్లు ఎక్కువ ఎక్కుతుంది కాబట్టి మీ కళ్లకు అది ఏ కొండనైనా ఎక్కేటట్టు కనిపించింది. కాగితం మీది 60 శాతాన్ని వానాకాలపు అడవిదారికి వర్తింపజేస్తే ప్రాణాల మీదికి వస్తుందని ఆ బండ్లు నడిపేవాళ్లకు బాగా తెలుసు.

మరో సంగతి కూడా ఉంది. ఇరుసు నడుమ ఉండి రెండు పక్కల చక్రాలకూ తిప్పుడు పంచే పళ్లచక్రాల అమరికను డిఫరెన్షియల్ అంటారు. మామూలు డిఫరెన్షియల్ స్వభావం ఏమిటంటే, ఒక పక్క చక్రం పట్టు తప్పి తిరగడం మొదలుపెడితే రెండో పక్క చక్రానికి కూడా అంతే బలహీనమైన తిప్పుడు అందుతుంది. గట్టినేల మీద ఉన్న చక్రం పనిలేకుండా ఊరుకుంటుంది. సైనిక ట్రక్కుల్లో డ్రైవరు ఒక మీట నొక్కి డిఫరెన్షియల్‌ను బిగించగలడు. అప్పుడు రెండు చక్రాలూ ఒకే ఇరుసుగా తిరుగుతాయి. మలుపు తిరిగేటప్పుడు మాత్రం దాన్ని విప్పేయాలి, లేకపోతే ఇరుసు విరుగుతుంది. చెక్ సాంకేతికతతో మన దేశంలో తయారైన తాత్రా ట్రక్కులది మరో పద్ధతి. చట్రానికి బదులు మధ్యలో ఒక లావుపాటి ఉక్కు గొట్టం ఉంటుంది, దానికి రెండు వైపులా సగం సగం ఇరుసులు విడివిడిగా పైకీ కిందికీ ఊగుతాయి. 1923లో హాన్స్ లెడ్వింకా అనే ఇంజనీరు ఒక చిన్న కారు కోసం ఆలోచించిన ఆ అమరికే తరువాత పినాక రాకెట్ వాహకాల దాకా వచ్చింది. గుంతలో పడినా ప్రతి చక్రం నేలను విడవకుండా ఉండడం దాని ప్రయోజనం. నేలను విడిచిన చక్రం ఎంత తిరిగినా ఫలితం సున్నా కదా.

మీరు చేయగలిగింది ఏమిటంటే, ఆ దారికి తరచుగా వెళ్లే పని ఉంటే వెనక రెండు ఇరుసులూ తిరిగే బండిని చూడండి. టిప్పర్లలో అవి మామూలే. టైరు మీది గాడులు అరిగిపోకముందే టైరు మార్చండి. వాన పడుతున్నప్పుడు లోడు తగ్గించండి. లోడు తగ్గిస్తే పట్టు తగ్గుతుందని కొందరు డ్రైవర్లు వాదిస్తారు. తిరిగే ఇరుసు మీద బరువు ఉంచి మిగిలిన చోట తగ్గించడం దానికి సమాధానం. వెనక తలుపు దగ్గర కుప్ప పోసి ముందు ఖాళీ ఉంచితే మాత్రం ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు పనిచేయదు. 60 శాతం వాలు మీద సైనిక ట్రక్కుకు కూడా ఆ గండం ఉంది. సమతలం మీద బరువులో 45 శాతం మోసే ముందు ఇరుసు మీద, బండి పొడవును బట్టీ లోడు ఎత్తును బట్టీ, అక్కడ 20 శాతం మాత్రమే మిగలవచ్చు.

ప్రశ్న: మా బడి పిల్లలు సుంకి ఘాట్ వాలు ఎంతని అడుగుతున్నారు. పరికరాలేవీ లేకుండా రోడ్డు వాలు కొలిచే మార్గం చెప్పగలరా?
(ఉపాధ్యాయురాలు, సెమిలిగుడ)

జవాబు: ఒక మీటరు పొడవున్న తిన్నని చెక్క, తాపీమేస్త్రి దగ్గర ఉండే రసమట్టం ఉంటే చాలు. చెక్కను రోడ్డు పొడవునా, ఎక్కే దిక్కుగా పెట్టండి. కింది కొసను మెల్లగా పైకి లేపుతూ రసమట్టంలోని బుడగ మధ్యకు వచ్చేదాకా చూడండి. అప్పుడు ఆ కొసకూ రోడ్డుకూ మధ్య ఉన్న ఖాళీని స్కేలుతో కొలిస్తే ఎన్ని సెంటీమీటర్లు వస్తే అంత శాతం. 5 సెంటీమీటర్లు ఉంటే 5 శాతం. చిన్న గుంతలు లెక్కను చెడగొడతాయి కనుక వేరు వేరు చోట్ల కొలిచి సగటు తీయండి. అయితే జాతీయ రహదారి మీదికి పిల్లలను తీసుకుపోవద్దు. బడికి వచ్చే ఊరి దారిలో చేయించండి. ఆశ్చర్యపోతారు, ఊళ్లలో గుడికి వెళ్లే సిమెంటు దారులు చాలాసార్లు పెద్ద ఘాట్ రోడ్డు కన్నా ఏటవాలుగా ఉంటాయి. ఘాట్ రోడ్డు కొండను నేరుగా ఎక్కదు. మెలికలు తిరుగుతూ దూరం పెంచుకుని వాలు తగ్గించుకుంటుంది.

ఆ మెలికల దగ్గర పిల్లలకు చూపదగిన విశేషం ఒకటుంది. హెయిర్‌పిన్ మలుపులో వాలు రెండున్నర శాతానికి మించకూడదన్నది నియమం. కారణం ఏమిటంటే, మలుపులో లోపలి అంచు, బయటి అంచు రెండూ ఒకే ఎత్తు ఎక్కాలి, కానీ లోపలి అంచు పొడవు చాలా తక్కువ. కనుక రోడ్డు నడుమ కొలిచిన వాలు కన్నా లోపలి అంచు వెంట వాలు ఎన్నో రెట్లు ఉంటుంది. లోడు లారీలు వెడల్పుగా తిరిగి బయటి అంచు పట్టుకుని ఎక్కడానికి కారణం ఇదే. వాటికి హారన్ కొట్టి లోపలి వైపు దూరిపోయే మోటారుసైకిళ్ల వాళ్లు దీన్ని అర్థం చేసుకుంటే ఎంతో మేలు.

ప్రశ్న: మావారు రాయగడ నుంచి సరకు లారీ నడుపుతారు. ఘాట్ దిగేటప్పుడు డీజిల్ ఆదా అవుతుందని గేరు తీసి న్యూట్రల్‌లో వదులుతారు. ఎక్కడమే కష్టం, దిగడం ఏముంది అంటారు. నాకు భయంగా ఉంది. నేను చెబితే వినరు, మీరు రాస్తే చదివి వినిపిస్తాను.
(ఒక పాఠకురాలు, రాయగడ)

జవాబు: అమ్మా, మీ భయం నూటికి నూరుపాళ్లు సబబైనది. ఈ జవాబు మీవారికి తప్పకుండా వినిపించండి.

ముందు డీజిల్ సంగతి. ఎలక్ట్రానిక్ పంపు ఉన్న నేటి ఇంజన్లలో, బండి గేరులో ఉండి యాక్సిలరేటరు మీద కాలు తీస్తే ఇంజనుకు డీజిల్ పూర్తిగా ఆగిపోతుంది. చక్రాలే ఇంజనును తిప్పుతాయి. న్యూట్రల్‌లో పెడితే ఇంజను తనంతట తాను తిరగాలి కనుక డీజిల్ తాగుతూనే ఉంటుంది. అంటే న్యూట్రల్‌లో దిగడం వల్ల ఆదా లేదు సరికదా, ఖర్చు ఉంది.

ఇక ప్రమాదం. ఎక్కేటప్పుడు బరువును పైకి లేపడానికి ఇంజను ఖర్చు చేసిన శక్తి ఎక్కడికీ పోదు, ఎత్తు రూపంలో బండిలో దాగి ఉంటుంది. 20 టన్నుల బండి 500 మీటర్ల ఎత్తు నుంచి దిగితే బయటికి రావలసిన శక్తి 27 యూనిట్ల కరెంటుకు సమానం. చాలా ఇళ్లలో కొన్ని రోజులకు వాడేటంత కరెంటు అది. న్యూట్రల్‌లో దిగితే అందులో చాలా భాగం వేడిగా మారి బ్రేకు డ్రమ్ముల్లోకి పోతుంది. డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది, లోపలి బ్రేకు షూ దాన్ని అందుకోవడానికి ఇంకా దూరం జరగవలసి వస్తుంది, అదే సమయంలో లైనింగు తన పట్టును కోల్పోతుంది. డ్రైవరు పెడలు ఎంత తొక్కినా బండి ఆగదు. కాలిన లైనింగు వాసన వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైంది. వెంటనే వీలైన చోట ఆపి, చల్లారేదాకా కదలకూడదు. ఆత్రంతో నీళ్లు పోయకూడదు, పోత ఇనుప డ్రమ్ము పగులుతుంది.

సైనిక డ్రైవర్లకు నేర్పేదీ, పాతకాలపు లారీ డ్రైవర్లు పాటించేదీ ఒకటే పద్ధతి. ఏ గేరులో ఎక్కవలసిన దారో ఆ గేరులోనే దిగాలి. గేరును దిగుడు మొదలు కాకముందే వేసుకోవాలి, మధ్యలో మార్చబోతే గేరు పడక బండి న్యూట్రల్‌లోనే ఉండిపోయే ప్రమాదం ఉంది. ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజను పొగ బయటికి పోకుండా అడ్డుకుని వేగం తగ్గించేది) ఉంటే మొదటి నుంచీ వాడాలి. మిగిలిన వేగాన్ని తగ్గించడానికి ఒకసారి గట్టిగా తొక్కి వదలాలి, కాలు ఆనించి ఉంచకూడదు. 60 శాతం వాలు ఎక్కే ట్రక్కును కొనేముందు సైన్యం దాని చేతి బ్రేకు అదే వాలు మీద, ముక్కు పైకి పెట్టి ఒకసారీ, కిందికి పెట్టి మరోసారీ, నిండు లోడుతో నిలబడుతుందా అని చూస్తుంది. ఎక్కగలిగి నిలవలేని బండి వాళ్లకు అక్కరలేదు.

మరో విన్నపం. ఎక్కుడులో ఆగిన లారీ చక్రం వెనక క్లీనరు రాయి పెడతాడు. బండి కదిలాక ఆ రాయిని రోడ్డు మీదే వదిలేసి పరుగెత్తి ఎక్కేస్తాడు. చీకట్లో ఆ రాయి ఎదురొచ్చే బండిని పల్టీ కొట్టించగలదు. మీవారి బండిలో తాడు కట్టిన ఒక చెక్క దిమ్మెను ఉంచమని చెప్పండి. తాడు లాగితే దిమ్మె బండితోనే వస్తుంది.

ప్రశ్న: తోపులను (ఫిరంగులను) లాగుకుంటూ వెళ్లే ట్రక్కులను చూశాను. అవి కూడా 60 శాతం ఎక్కుతాయా? పక్కకు వంగిన దారిలో బోల్తా పడవా?
(కళాశాల విద్యార్థి, మల్కన్‌గిరి)

జవాబు: లాగుతున్నప్పుడు ఎక్కవు. తోపు చక్రాలను ఇంజను తిప్పదు కనుక దాని బరువు వెనక్కి లాగుతుందే తప్ప పట్టు ఇవ్వదు. సుమారు 5 టన్నులుండే ఎల్-70 విమాన విధ్వంసక తుపాకీని 15 టన్నుల ట్రక్కు లాగితే, మొత్తం 20 టన్నుల్లో 15 టన్నులే పట్టుకు పనికొస్తాయి. ఎక్కుడు నాలుగో వంతు తగ్గిపోతుంది. పక్కవాలు మరీ కఠినమైనది. బండి నడుమ నుంచి టైరు దాకా ఒక మీటరు, బరువు కేంద్రం ఎత్తు రెండు మీటర్లు అనుకుంటే, కదలకుండా నిలబెట్టినప్పుడే 50 శాతం పక్కవాలుకు బోల్తా పడుతుంది. స్ప్రింగులు ఒక పక్కకు అణగడం, కింది చక్రం గుంతలో పడడం, లోడు కదలడం కలుపుకుంటే క్షేమమైన హద్దు 30 శాతానికి దిగుతుంది. అందుకే ఏటవాలు గుట్టను ఎక్కవలసి వచ్చినప్పుడు డ్రైవరు నేరుగా ముక్కు పైకి పెట్టి ఎక్కుతాడు. ఎక్కలేకపోతే గుట్ట మీదే బండి తిప్పడు, రివర్స్ గేరులో వచ్చిన గాడి వెంటే వెనక్కి దిగుతాడు. మీ వైపు ట్రాక్టరు ట్రాలీలు నడిపేవాళ్లు కూడా ఇది పాటించాలి. గుట్ట మధ్యలో ట్రాక్టరును అడ్డంగా తిప్పడం వల్లే అవి ఎక్కువగా బోల్తా పడతాయి.

ప్రశ్న: ఎత్తు పెరిగితే ఇంజను బలం తగ్గుతుందంటారు. మహేంద్రగిరి మీద కూడా తగ్గుతుందా?
(పదో తరగతి విద్యార్థిని, పర్లాకిమిడి)

జవాబు: కొద్దిగా తగ్గుతుంది. సముద్రమట్టం కన్నా 1000 మీటర్ల ఎత్తున గాలి సాంద్రత 9 శాతం తక్కువ. టర్బో లేని ఇంజను పీల్చే గాలి అంత తగ్గితే మండే డీజిల్ కూడా అంత తగ్గించుకోవాలి. 1501 మీటర్ల మహేంద్రగిరి మీద, 1672 మీటర్ల దేవమాలి మీద డ్రైవరుకు అది ఒక గేరు తేడాగా తెలుస్తుంది. లడఖ్‌లో 5000 మీటర్ల దగ్గర గాలి సాంద్రత సముద్రమట్టంలోని దానిలో 60 శాతమే ఉంటుంది, అక్కడ టర్బో లేని ట్రక్కు తన ఎక్కుడులో పెద్ద భాగాన్ని పోగొట్టుకుంటుంది. టర్బో ఉన్న ఇంజన్లు పలుచటి గాలిని నొక్కి లోపలికి పంపుతాయి కనుక చాలా ఎత్తు దాకా బలాన్ని నిలుపుకుంటాయి. టైరు పట్టుకు మాత్రం ఎత్తుతో సంబంధం లేదు, అక్కడ దాన్ని తగ్గించేది మంచు.